ఏడాదిన్నరగా బెంచ్ మీదే ఉన్న పంతొమ్మిదేళ్ళ ఫుట్‌బాల్ వింగర్‌కు నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. నీకు 19 ఏళ్ళు. మీది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అండర్-17లో జిల్లా జట్టుకు రైట్ వింగర్‌గా, అంటే కుడి అంచున ముందుకు దూసుకెళ్ళేవాడిగా ఆడావు. ఏడాదిన్నర కిందట బెంగళూరులో ‘ఏ’ డివిజన్ (సూపర్ డివిజన్‌కు ఒక మెట్టు కింద, ‘బీ’ డివిజన్‌కు పైన) ఆడే క్లబ్ ఒకటి నిన్ను తీసుకుంది. ప్రాక్టీస్‌లో అందరూ బాగా ఆడుతున్నావంటారు, మ్యాచ్ రోజు మాత్రం బెంచ్ మీద కూర్చోబెడతారు. పోయిన సీజన్ 11 మ్యాచ్‌ల్లో మూడుసార్లు మైదానంలోకి దింపారు, మూడూ కలిపితే 34 నిమిషాలు. బీకాం రెండో ఏడాదిలో ఆపేశావు. చేను పని, చదువు రెండూ చూసుకుందువు రమ్మని నాన్న ఒత్తిడి చేస్తున్నాడు. "కోచ్‌కు నేనంటే పడదేమో అన్నా, వదిలేసి వచ్చేయాలా?" అని అడిగావు.

ముందు సూటిగా చెప్పేస్తాను. వదిలేయొద్దు. అలాగని ఇదే బెంచ్ మీద ఇంకో ఏడాది కూర్చోవద్దు. ఈ సీజన్ సగం అయ్యేదాకా గడువు పెట్టుకో. ఆలోపు కోచ్ నిన్ను దింపడానికి దేనికి వెనకాడుతున్నాడో కనుక్కుని, ఆ ఒక్కదాని మీద పని చెయ్యి. అప్పటికీ ఆడించకపోతే ఒక మెట్టు కిందికి దిగి, ప్రతి వారం ఆడించే క్లబ్‌కు వెళ్ళు. ఈ వయసులో నీకు అన్నిటికన్నా ముందు మ్యాచ్‌లు కావాలి. జెర్సీ మీద ఏ క్లబ్ పేరుందనేది తర్వాతి సంగతి.

నేనెవరో కూడా చెప్పాలి కదా. లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ పక్క కాపలా కాసే డిఫెండర్‌గా బెంగళూరులోనే కింది డివిజన్లలో ఆరేళ్ళు ఆడాను. తర్వాత అనంతపురం వచ్చేసి ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నేర్పిస్తున్నాను. నా దగ్గర ఆడి బయటికి వెళ్ళిన వాళ్ళలో దాదాపు అందరూ ఏదో ఒక రోజు రాత్రి ఫోన్ చేసి నువ్వడిగిన మాటే అడిగారు. కొందరికి నేను తప్పు సలహా ఇచ్చాను. అది కూడా కింద చెబుతాను.

కోచ్‌కు నువ్వంటే పడదా?

నూటికి తొంభైమంది విషయంలో అదేమీ ఉండదు. కోచ్ కుర్చీలో కూర్చుని ఒకసారి ఆలోచించు. మీ డివిజన్‌లో సీజన్ అంటే పది, పన్నెండు మ్యాచ్‌లు. వరసగా మూడు ఓడితే కింది డివిజన్‌కు పడిపోతామన్న టెన్షన్ మొదలవుతుంది. క్లబ్ నడిపేది తన జేబులోంచి డబ్బు పెట్టే మనిషి. ఆయన రెండు మ్యాచ్‌లు చూసి "ఏమైంది సార్?" అంటాడు. కోచ్ ఉద్యోగానికి ఆ మాట చాలు. అలాంటి కోచ్ దగ్గర ముప్పై ఏళ్ళ వింగర్ ఒకడుంటాడు. నీకన్నా నెమ్మది, నీలా ఇద్దరిని దాటుకుని పోలేడు. కానీ 70వ నిమిషంలో అలసిపోయినా వెనక్కి పరిగెత్తి తన మనిషిని పట్టుకుంటాడని కోచ్‌కు తెలుసు. నువ్వేం చేస్తావో తెలియదు. నీలో ఆట ఉందా లేదా అనే లెక్క అక్కడ జరగడం లేదు. నిన్ను దింపితే ఏం పోతుంది అనే లెక్క జరుగుతోంది.

కింది డివిజన్లలో పిల్లలు ఫస్ట్ టీమ్‌లోకి రాలేకపోవడానికి నేను చూసిన అన్ని కారణాల్లో ఇదే పెద్దది. పై స్థాయి క్లబ్బులకు ఓపిక ఉంటుంది, రిజర్వ్ జట్టు ఉంటుంది, కుర్రాడు పొరపాటు చేస్తే సర్దుకునే వాళ్ళు చుట్టూ ఉంటారు. కింద ఆ వెసులుబాటు లేదు. అందుకే కింది డివిజన్‌లో చోటు సులువుగా దొరుకుతుందనుకుని వెళ్ళిన కుర్రాడు అక్కడే ఎక్కువ దెబ్బ తింటాడు.

ప్రాక్టీస్‌లో బాగా ఆడుతున్నావన్న మాట నిజమే అయ్యుంటుంది. కానీ ప్రాక్టీస్‌లో మీరు ఆడేది ఎక్కువగా ఏడుగురి ఆట, చిన్న గ్రౌండ్. అక్కడ బంతి పోగొట్టుకుంటే నష్టం లేదు, నవ్వుకుని మళ్ళీ మొదలుపెడతారు. మ్యాచ్‌లో మీ రైట్ బ్యాక్ నీ పక్కనుంచి ముందుకు పరిగెత్తిన క్షణంలో నువ్వు బంతి పోగొట్టుకుంటే, వెనక నలభై గజాలు ఖాళీ. కోచ్ చూసేది ఆ నలభై గజాలనే.

నా సంగతే చెబుతాను. బెంగళూరులో మొదటి ఏడాది ఏడు నెలలు బెంచ్ మీదున్నాను. కోచ్‌కు కన్నడ కుర్రాళ్ళంటేనే ఇష్టమని హాస్టల్లో అందరితో చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు అసిస్టెంట్ కోచ్ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు బంతినే చూస్తున్నావు. నీ వీపు వెనకున్న మనిషిని ఒక్కసారి కూడా చూడవు. ఈ రోజు లెక్కపెట్టాను, నలభై నిమిషాల్లో రెండుసార్లు తల తిప్పావు" అన్నాడు. ఏడు నెలల్లో నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున ఒక స్నేహితుణ్ణి వెనక నిలబెట్టి, వాడు వేళ్ళు చూపిస్తుంటే తల తిప్పి అంకె చెబుతూ పాస్ అందుకునేవాణ్ణి. ఐదు వారాలకు ఫస్ట్ లెవెన్‌లో ఉన్నాను. అంతకుముందు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన అతనికి మోకాలు నొప్పి రావడం కూడా కలిసొచ్చింది, అబద్ధం చెప్పను. ఆ నొప్పి మూడు నెలల ముందే వచ్చి ఉంటే మాత్రం నన్ను కాక ఇంకొకరిని దింపేవాళ్ళు.

ఆ 34 నిమిషాల్లో ఏం చేశావు?

నీ ప్రశ్నలో ఇది రాయలేదు. నాకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇదే. మ్యాచ్‌ను ఎవరైనా ఫోన్లో తీసి ఉంటే సంపాదించు. కాగితం తీసుకుని మూడు అంకెలు రాయి: బంతి ఎన్నిసార్లు అందింది, ఎన్నిసార్లు మన వాళ్ళకే చేరింది, బంతి పోయాక ఎన్నిసార్లు ఐదు సెకన్లలో వెనక్కి తిరిగావు.

గుంతకల్లు నుంచి నా దగ్గరికి రోజూ రైల్లో వచ్చి ఆడిన కుర్రాడు ఒకడున్నాడు. చాలా చురుకు. వాణ్ణి బెంగళూరులో ఒక క్లబ్ 78వ నిమిషంలో దింపింది. దొరికిన పన్నెండు నిమిషాల్లోనే తనేంటో చూపించాలని, బంతి అందిన ప్రతిసారీ ఇద్దరి మీదికి వెళ్ళాడు. ఐదుసార్లు పోగొట్టుకున్నాడు. అందులో ఒకటి గోల్ అయింది. ఆ సీజన్లో మళ్ళీ వాణ్ణి దింపలేదు. వాడి తప్పేమీ లేదని చాలా రోజులు వాదించాను. ఇప్పుడాలోచిస్తే, అలా దిగే వాడికి ఏం చేయాలో నేనే నేర్పలేదు. గోల్ కొట్టడం నేర్పాను, బెంచ్ మీద నుంచి దిగడం నేర్పలేదు.

ఇప్పుడు మా పిల్లలకు ఇలా చెబుతున్నాను. దిగాక మొదటి రెండు పాస్‌లు అతి సులువైనవి ఆడు. ఒక్క టచ్, దగ్గరి మనిషికి. మొదటి పరుగు వెనక్కి ఉండాలి, అదీ ప్రాణం పెట్టి. మీ రైట్ బ్యాక్‌తో గట్టిగా మాట్లాడు, నువ్వు ఎక్కడున్నావో అతనికి వినపడాలి. ఈ మూడూ అయ్యాక నీ ఆట ఆడు. బెంచ్ మీద కూర్చున్నంతసేపూ ఎదుటి లెఫ్ట్ బ్యాక్‌ను చూడు. ఏ కాలితో బంతి ఆపుతున్నాడు, ఎటు తిరగలేకపోతున్నాడు, ఎల్లో కార్డు ఉందా. దిగేసరికి నీకు వాడి గురించి మైదానంలో ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ తెలిసి ఉండాలి.

ఇంకో సంగతి. 2022 నుంచి పై స్థాయి పోటీల్లో ఐదుగురిని మార్చుకోవచ్చన్న నియమం శాశ్వతమైంది. మీ లీగ్‌లో ఎంతమందిని మార్చనిస్తారో నువ్వే కనుక్కో. ఎంతైనా సరే, పూర్వం మేము ఆడినప్పటికన్నా బెంచ్ మీదున్న కుర్రాడికి ఇప్పుడు తలుపులు ఎక్కువ. మ్యాచ్‌కు ముందు రోజు రాత్రే కోచ్ మనసులో కొన్ని ప్రశ్నలుంటాయి. ఒక గోల్ ముందున్నాం, చివరి పావుగంట కుడి పక్క ఎవరు కాపలా కాస్తారు? ఒక గోల్ వెనకున్నాం, ఎవరు వేగం తెస్తారు? నీ పేరు రెండో ప్రశ్నకు మాత్రమే వస్తే ఓడిపోతున్నప్పుడే దిగుతావు. మొదటి ప్రశ్నకూ వస్తే ప్రతి వారం దిగుతావు.

కోచ్‌ను అడుగు. ఎలా అడగాలో చెబుతాను.

మ్యాచ్ రోజు అడగొద్దు, ఓడిన మర్నాడు అసలే వద్దు. నాన్నతోనో, మామతోనో ఫోన్ చేయించొద్దు. మా రోజుల్లో ఒక కుర్రాడి కోసం ఊళ్ళోని ఒక నాయకుడు కోచ్‌కు ఫోన్ చేశాడు. ఆ కుర్రాణ్ణి ఒక మ్యాచ్ ఆడించారు, ఆ తర్వాత జట్టులో ఎవరూ వాడికి పాస్ ఇవ్వలేదు. వారం మధ్యలో, ప్రాక్టీస్ అయిపోయి కోన్‌లు ఎత్తేటప్పుడు సాయం చేస్తూ అడుగు.

"నన్నెందుకు ఆడించట్లేదు సార్?" అంటే అది నిందలా వినిపిస్తుంది. వెంటనే తన నిర్ణయాన్ని సమర్థించుకుంటాడు. ఇలా అడిగి చూడు: "సార్, మనం 1-0తో ముందున్నప్పుడు 70వ నిమిషంలో నన్ను దింపాలంటే నాలో ఏం కనపడాలి?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆయన నీ గురించి నిజంగా ఆలోచించాలి. "ఎదుటి బ్యాక్ ముందుకొస్తే వదిలేస్తున్నావు" అన్నాడనుకో, బంగారం దొరికినట్టే. మూడు వారాలు అదే పని. "ఇంకా కష్టపడు" అంటే ఆయన నీ గురించి ఇంకా ఆలోచించలేదని అర్థం. రెండు వారాలాగి అసిస్టెంట్‌ను అడుగు, లేదా నీ స్థానంలో ఆడే ఆ సీనియర్‌నే అడుగు. సీనియర్లు చెప్పరనుకుంటాం. నా అనుభవంలో వినయంగా అడిగితే చాలామంది చెబుతారు. వాళ్ళూ ఒకప్పుడు ఇలా కూర్చున్నవాళ్ళే. "నీ టైమ్ వస్తుందప్పా" అని భుజం తట్టి వెళ్ళిపోతే, నెలాగి మళ్ళీ అడుగు. మూడోసారి కూడా అదే మాటైతే, వేరే క్లబ్ చూసుకోవాల్సిన రోజు దగ్గరికొచ్చిందని తెలుసుకో.

రెండో స్థానం నేర్చుకో

వింగర్లకు కరువు లేదు. నీలాంటి వేగమున్న కుర్రాళ్ళు మన జిల్లాలోనే ప్రతి మండలంలో ఇద్దరు దొరుకుతారు. రైట్ బ్యాక్‌లు దొరకరు. చిన్నప్పటి నుంచి రైట్ బ్యాక్ అవుతానని ఏ పిల్లాడూ అనుకోడు. నువ్వు రైట్ బ్యాక్ కూడా ఆడగలిగితే మీ కోచ్‌కు ఒక బెంచ్ సీటులో ఇద్దరు మనుషులు దొరికినట్టు.

ఇది చిన్నతనంగా అనుకోవద్దు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. జర్నైల్ సింగ్ అప్పటికి దేశంలోనే పేరున్న డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతన్ని ముందుకు, గోల్స్ కొట్టే స్ట్రైకర్‌గా పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. రెండు గోల్స్‌లో ఒకటి పీకే బెనర్జీది, ఇంకొకటి జర్నైల్‌ది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రావడం అదే ఆఖరు. అంత పెద్ద ఆటగాడే చోటు మారి ఆడాడు. ‘ఏ’ డివిజన్‌లో నువ్వూ నేనూ మారితే తప్పేముంది?

రహీమ్ సాబ్ హైదరాబాద్‌లో బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టించేవాడని పాత ఆటగాళ్ళు చెబుతారు. నీ ఎడమ కాలు ఎలా ఉందో నాకు తెలియదు. కుడి పక్క ఆడేవాడు లోపలికి కోసుకొచ్చి ఎడమతో కొట్టలేకపోతే, రెండో మ్యాచ్‌కే ఎదుటివాళ్ళకు తెలిసిపోతుంది, గీత వైపు నెట్టేసి ఊరుకుంటారు. గోడకు రోజూ రెండు వందల ఎడమ కాలి పాస్‌లు. దీనికి కోచ్ అక్కర్లేదు, గ్రౌండ్ కూడా అక్కర్లేదు.

అండర్-17 స్టార్ సీనియర్లలో ఎందుకు మాయమవుతాడు

నువ్వు అండర్-17లో వేగంతో గెలిచావు. ఆ వయసులో ఆర్నెల్ల ముందు పెరిగినవాడే రాజు. పైగా మన దగ్గర వయసు దాచి ఆడించే రోగం ఇంకా పోలేదు. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూసే టీడబ్ల్యూ3 పరీక్షను మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ పెట్టింది అందుకే. వయసు దాచి ఆడినవాడు ఇప్పుడు చేతులెత్తేస్తాడు. వయసుకు తగ్గట్టు ఆడిన నీకు పెరిగే చోటు ఇంకా ఉంది. కానీ సీనియర్లలో వేగం అందరికీ ఉంటుంది. నువ్వు పరుగు మొదలుపెట్టే ముందే ముప్పై ఏళ్ళవాడు భుజం అడ్డం పెడతాడు. ఆ భుజానికి ఆగాలంటే ఒంట్లో బలం కావాలి.

వారానికి రెండు రోజులు బరువులు. మొదట్లో తెలిసినవాళ్ళ ఎదుట మాత్రమే చెయ్యి. ప్రాక్టీస్ ముందు ఫిఫా 11+ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది. అందులో మోకాళ్ళ మీద కూర్చుని, మడమలు ఇంకొకరు పట్టుకుంటే నెమ్మదిగా ముందుకు వాలే వ్యాయామం ఒకటుంటుంది. తొడ వెనక కండరం పట్టేయకుండా కాపాడేది అదే. వింగర్లను నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టేది ఆ కండరమే.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. హాస్టల్లో తెల్లన్నం, సాంబారు తిని ఈ ఆట ఆడలేవు. ఖరీదైన పౌడర్లు కొనమనను. ఇంటి నుంచి చెనిక్కాయలు తెచ్చుకో, రోజుకు నాలుగు గుడ్లు తిను, దొరికితే సంగటి, జొన్నరొట్టె. ఎండల్లో ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత బరువు చూసుకో. ఒక కిలో తగ్గితే లీటరు నీళ్ళు పోయినట్టు, లీటరున్నర దాకా నెమ్మదిగా తాగాలి, కాస్త ఉప్పు కలిపి. మన అనంతపురం పిల్లలు ఎండకు అలవాటుపడ్డామనుకుని నీళ్ళు తాగరు. చివరి ఇరవై నిమిషాల్లో కాళ్ళు పట్టేస్తే దాన్ని స్టామినా లేకపోవడం అనుకుంటారు.

గ్రౌండ్ విషయం కూడా ఉంది. మనం పెరిగింది గట్టి నేల మీద. బంతి ఎగురుతుంది, అందుకే అరికాలితోనో తొడతోనో ఆపడం అలవాటవుతుంది. గడ్డి మీద, టర్ఫ్ మీద బంతి జారి వేగంగా వస్తుంది. అక్కడ పాదం లోపలి భాగంతో, కదులుతూ అందుకోవాలి. మా పిల్లల్లో చాలామందికి బెంగళూరులో మొదటి ఆరు నెలలు దీనికే పోయాయి. అనంతపురంలోని ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ లాంటి పచ్చటి గ్రౌండ్ల మీద ఆడి వెళ్ళినవాళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ.

ఎప్పుడు మెట్టు దిగాలి

నా తప్పు సలహా ఇక్కడే ఉంది. పదేళ్ళ కిందట సూపర్ డివిజన్ క్లబ్‌లో ఉన్న కుర్రాడొకడు, స్ట్రైకర్, ఫోన్ చేసి "బీ డివిజన్ వాళ్ళు పిలుస్తున్నారు సార్, వెళ్ళమంటారా?" అన్నాడు. పెద్ద క్లబ్ పేరు వదులుకోవద్దు, ఓపిక పట్టు అన్నాను. మూడేళ్ళు ఓపిక పట్టాడు. 19 నుంచి 22 దాకా, ఒక స్ట్రైకర్ గోల్ ముందు నిలబడి నేర్చుకోవాల్సిన మూడేళ్ళు, బెంచ్ మీద అయిపోయాయి. తర్వాత ఏ ట్రయల్స్‌కు వెళ్ళినా "ఎన్ని మ్యాచ్‌లు ఆడావు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఇప్పుడు ధర్మవరంలో చీరల షాపులో పని చేస్తున్నాడు. కనపడితే ఇప్పటికీ నమస్తే సార్ అంటాడు. నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ తర్వాత ఇంకో కుర్రాడికి దిగమనే చెప్పాను. బీ డివిజన్‌లో ఒక సీజన్ మొత్తం ఆడాడు, పెనాల్టీలు కూడా వాడే కొట్టాడు, ఓడిన మ్యాచ్‌ల్లో తిట్లూ తిన్నాడు. మర్నాటి ఏడాది పాత క్లబ్ వాళ్ళే మళ్ళీ పిలిచారు. వెళ్ళినవాడికీ తిరిగొచ్చినవాడికీ ఆటలో పెద్ద తేడా ఏమీ లేదు. కానీ కోచ్‌కు ఇప్పుడు వాడేం చేస్తాడో తెలుసు.

పెద్దవాళ్ళకూ ఇదే జరిగింది. 2013 మేలో ఇంగ్లండ్ రెండో డివిజన్ ప్లేఆఫ్ సెమీఫైనల్లో లెస్టర్ బెంచ్ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు హ్యారీ కేన్, జేమీ వార్డీ. కేన్ అప్పటికి లేటన్ ఓరియంట్, మిల్‌వాల్ లాంటి చోట్ల అరువు మీద ఆడి వచ్చినవాడు. వార్డీ పదహారేళ్ళప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ వదిలేస్తే ఊరి జట్టుకు ఆడుకుంటూ పైకొచ్చినవాడు. తర్వాత కేన్ ఇంగ్లండ్‌కు అత్యధిక గోల్స్ కొట్టాడు, వార్డీ 2016లో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి సంగతి చూడు. అప్పటికే భారత జట్టులో పెద్ద పేరు, అయినా 2012లో పోర్చుగల్ వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ బీ జట్టులో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మ్యాచ్‌లే ఆడాడు. అక్కడ కూర్చోకుండా వెనక్కి వచ్చాడు. 2013-14లో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి సీజన్‌లోనే అప్పటి దేశపు పెద్ద లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచినప్పుడు దాని కెప్టెన్ అతనే.

మారేటప్పుడు మూడు విషయాలు చూసుకో. ఒకటి, ఫిఫా నియమం ప్రకారం ఒక సీజన్లో మూడు క్లబ్బుల్లో రిజిస్టర్ కావచ్చు కానీ రెండింటికే అధికారిక మ్యాచ్‌లు ఆడొచ్చు. రెండు నిమిషాల కోసం తొందరపడి ఎక్కడో దిగితే ఆ లెక్కలో ఒకటి అయిపోతుంది. రెండు, నువ్వు సంతకం పెట్టిన కాగితం నకలు నీ దగ్గరుందా? లేకపోతే రేపే అడిగి తీసుకో. ఎన్నేళ్ళకు రాశారో, ఎన్‌ఓసీ (వేరే క్లబ్‌కు వెళ్ళడానికి ఇచ్చే అనుమతి పత్రం) ఎప్పుడిస్తారో చదువు. మూడు, "పది శాతం మ్యాచ్‌లు కూడా ఆడించకపోతే కాంట్రాక్ట్ తెంచుకోవచ్చంట కదా" అని రాశావు. ఆ నియమం ఉంది, కానీ అది శిక్షణ దశ దాటి స్థిరపడ్డ ప్రొఫెషనల్ ఆటగాళ్ళకు. 19 ఏళ్ళ నీకు అది వర్తిస్తుందని నమ్మి క్లబ్‌తో గొడవ పెట్టుకోవద్దు. మర్యాదగా అడిగి రిలీజ్ తీసుకో. ఆడించని కుర్రాణ్ణి పట్టుకుని కూర్చోవాలని ఏ కోచ్‌కూ ఉండదు.

ట్రయల్స్ ఇప్పిస్తానని డబ్బులడిగేవాణ్ణి నమ్మొద్దు. నేను ఇరవై ఏళ్ళప్పుడు ఒక మధ్యవర్తికి అమ్మ గాజులు కుదువపెట్టి డబ్బిచ్చాను. గోవాలో క్లబ్ అన్నాడు. మడ్గావ్ స్టేషన్లో రెండు రోజులు కూర్చున్నాను, ఎవరూ రాలేదు. ఇప్పుడు ఏజెంట్లకు ఫిఫా లైసెన్సు ఉండాలి, పేరు ఫిఫా వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. లైసెన్సు ఉన్నా సరే, ఆటగాడి దగ్గర ముందుగా డబ్బు తీసుకునేవాడు నీకు క్లబ్ చూపించడు.

చదువు, నాన్న

ఈ ఒక్క విషయంలో నాన్న వైపే ఉంటాను. బీకాం మళ్ళీ మొదలుపెట్టు. ఆట కోసమే చెబుతున్నాను. రెగ్యులర్‌గా కాలేజీలో చదివేవాడే యూనివర్సిటీ జట్టుకు ఆడగలడు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు చెల్లుతుంది. రైల్వే, పోలీసు, ఇతర శాఖల జట్లలో ఆడుతూ జీతం తీసుకునేవాళ్ళు మన దేశంలో ఎంతమందో ఉన్నారు. కింది డివిజన్ ఫుట్‌బాల్ ఒక్కటే ఇల్లు నడపదు. ఈ మాట నీకు ఎవరైనా ముందే చెప్పాలి. అనంతపురంలోని ఎస్కే (శ్రీకృష్ణదేవరాయ) యూనివర్సిటీ పరిధిలో చేరతావా, బెంగళూరులోనే చేరతావా అనేది ఏ క్లబ్‌లో ఆడతావన్న దాన్ని బట్టి చూసుకో.

నాన్నతో మాట్లాడేటప్పుడు "ఇంకా కొన్ని రోజులు" అనొద్దు. చేనులో విత్తనం వేసే మనిషికి తేదీ కావాలి. "ఈ సీజన్ సగం దాకా ఇక్కడ, అప్పటికి ఆడకపోతే కింది క్లబ్, జూన్‌లో కాలేజీలో చేరతా" అని చెప్పు. మన ఇళ్ళల్లో క్రికెట్ ఒక్కటే తెలుసు. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మన ఆర్డీటీ స్టేడియంలో జరిగినప్పుడు ఊరంతా అక్కడే ఉంది. నీ ఆట మాత్రం ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. వీలైతే ఒక్కసారి బెంగళూరు తీసుకెళ్ళి ప్రాక్టీస్ చూపించు. నేను మా నాన్నకు చూపించలేదు. ఆయన పోయేదాకా నేను బంతి వెనక పరిగెత్తి కాలం పాడుచేసుకున్నాననే అనుకున్నాడు.

ఇక, ఎప్పుడు నిజంగా ఆపాలి? కింది డివిజన్‌లో ఒక పూర్తి సీజన్ ఆడిన తర్వాత కూడా ఆ స్థాయిలో నీకన్నా మంచివాళ్ళు నీ స్థానంలో ముగ్గురు నలుగురు కనపడితే, ప్రాక్టీస్‌కు లేవడం బరువనిపిస్తే, అప్పుడు ఆలోచించు. 34 నిమిషాలు ఆడి ఆ నిర్ణయం తీసుకోవద్దు. ఆ లెక్కకు సరిపడా ఆట నువ్వింకా ఆడలేదు.

నాకు మూడు విషయాలు రాసి పంపు: కోచ్ ఏం జవాబిచ్చాడో, ఆ మూడు మ్యాచ్‌ల్లో నేనడిగిన అంకెలు, నీ కాగితంలో ఎన్ని నెలలు రాసి ఉందో. దసరా సెలవులకు ఊరికి వస్తే ఒక రోజు ముందు చెప్పి అనంతపురం రా. పొద్దున ఆరింటికి గ్రౌండ్‌లో ఉంటాం. మా రైట్ బ్యాక్ కుర్రాడు ఇంటర్ పరీక్షలతో రావట్లేదు, ఆ చోటులో నిన్ను తొంభై నిమిషాలు ఆడిస్తాను.